బిగిసిన దవడ

జనగామ మదరసాలో 28 ఏళ్లుగా పిల్లలకు దివ్య ఖుర్ఆన్ పఠనం నేర్పుతున్నాను. నిరుడు చెవి ముందరి దవడ కీలులో నొప్పి మొదలైంది. నోరు తెరిస్తే టక్కుమనేది. దీర్ఘాలు పలకడం కష్టమయ్యేది. చెవిపోటనుకొని చుక్కల మందు వాడాను, ఫలితం లేదు. చివరకు దంతవైద్యుడు పరీక్షించి, "మౌలానా సాబ్, మీరు పళ్లు బిగబట్టి ఉంచుతున్నారు" అన్నారు.

నిజమే. పిల్లలు పాఠం తప్పినప్పుడల్లా కోపాన్ని దిగమింగాననే అనుకున్నాను. అది పళ్ల మధ్యనే నిలిచి ఉంది.

గోరువెచ్చని కాపడం, కొన్నాళ్లు మెత్తని ఆహారం, పెదవులు కలిసినా పళ్లు తాకకుండా ఉంచడం ఆయన సూచనలు. నోరు బార్లా తెరిచి ఆవులించవద్దన్నారు. ఆవులింతను వీలైనంత అణచుకోవాలన్న దైవప్రవక్త (స) బోధ జ్ఞాపకం వచ్చింది.

రెండు నెలల్లో నొప్పి తగ్గింది, అల్‌హమ్దులిల్లాహ్. ఇప్పుడు ఏ పిల్లవాడైనా తడబడితే ముందు నా దవడ సడలించుకొని, ఆ తరువాతే పాఠం సరిదిద్దుతున్నాను.