గడ్డకట్టిన సరస్సు మీద గాలం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన గ్రూపులో చేపల మాట వస్తే మావు, వల, గాలం దగ్గరే ఆగిపోతాం. ఈసారి మేం మంచు మీద చేపలు పట్టడం గురించి రాస్తున్నాం. లంబసింగి వైపు వాళ్ళకి గడ్డి మీద పేరుకున్న మంచు తెలుసు. కానీ సరస్సు గడ్డకట్టి దాని మీద కార్లు తిరగడం మనలో ఎవరూ చూసుండరు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మిల్ ల్యాక్స్ సరస్సు చలికాలంలో అలాగే ఉంటుంది. దాని ఒడ్డున ఓజిబ్వే ఆదివాసుల ఊళ్ళున్నాయి.

హాస్టల్లో ఆ వీడియోలు చూసి ఇంటికి ఫోన్ చేసి చెబితే అందరూ ఒకటే అడిగారు: నీళ్ళు గడ్డకడితే చేపలు చావవా? జవాబు మన ఇంటర్ ఫిజిక్సులోనే ఉంది. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, అడుక్కి దిగుతాయి. గడ్డ పైన తేలుతుంది. చేప అడుగున బతుకుతుంది. ఇది మేం రెండు మార్కులకి రాసి వదిలేసిన పాఠం!

చేప కంటే ముందు కాలి కింద గడ్డని చూసుకోవాలి. తేటగా, గట్టిగా ఉన్న గడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉంటేనే మనిషి నడవాలి. తెల్లగా పాలలా ఉంటే దాని బలం సగమే, కాబట్టి రెట్టింపు మందం కావాలి. అప్పుడు కూడా పూర్తి నమ్మకం లేదు. వాగు కలిసేచోట, ఊట ఉన్నచోట పలచగా ఉంటుంది. అందుకే చేతిలో గునపం లాంటిది పట్టుకుని ముందు పొడిచి చూసి తర్వాత అడుగు వేస్తారు. మెడలో రెండు మేకుల పిడులు వేలాడతాయి. పడిపోతే వాటిని గడ్డలో గుచ్చి, కాళ్ళు కొట్టుకుంటూ పైకి పాకాలి. పైకొచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ వచ్చిన దారినే పోవాలి.

ఇక సరంజామా. బొరియ తొలిచే పెద్ద బరమా, నీళ్ళ మీద మళ్ళీ కట్టే మంచు తీయడానికి చిల్లుల గరిటె, రెండు మూడు అడుగుల పొట్టి కర్ర. బొరియ పక్కనే కూర్చుంటారు కాబట్టి పొడవు కర్ర దండగ. చలికి చేప మందంగా ఉంటుంది, గట్టిగా లాగదు. సన్నటి దారానికి బరువున్న చిన్న గాలం కట్టి, కొంచెం ఎత్తి, వదిలి, ఆగాలి. చాలాసార్లు ఆగినప్పుడే పట్టుకుంటుంది. వాలై అనే చేప మసక వెలుతురులో బాగా చూడగలదు, అందుకే పొద్దు వాలే వేళ దానికి మంచి అదను.

మాకు బాగా నచ్చింది ఓజిబ్వేల పాత పద్ధతి. బొరియ మీద వెలుతురు చొరకుండా చిన్న గుడిసె వేస్తారు. లోపల చీకటి కావడంతో కింద నీళ్ళు దీపం పెట్టినట్టు కనిపిస్తాయి. చెక్కతో చెక్కిన బొమ్మచేపని దారంతో ఆడిస్తారు. పెద్ద చేప దాని కోసం దగ్గరికొస్తే ఈటె దిగుతుంది. మా తాతలు కూడా ఇంతే: వాగు పొంగేటప్పుడు చేప ఎదురెక్కుతుందని మావు నోరు దిగువకి, నీరు తీసేటప్పుడు ఎగువకి పెడతారు. సామాను కంటే చేప నడక తెలియడమే ముందు.

అయితే ఆ సరస్సులో ఓజిబ్వేల హక్కు మీద పెద్ద గొడవే అయింది. 1837 ఒప్పందంలో భూమి ఇచ్చేసినా వేట, చేపలు, సేకరణ హక్కు ఉంచుకున్నారు. ఆ హక్కు ఎప్పుడో పోయిందని రాష్ట్రం వాదించింది. 1999లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో హక్కు ఉందని తేల్చింది. అంటే ఒక్క జడ్జి అటు మొగ్గితే పోయేదే.

ఇది చదివాక మాకు మా వైపు ఒక చెరువు గుర్తొచ్చింది. వేలం పాడుకున్న బయటి మనిషి పిల్లలు గాలం వేసినా తరిమాడు. మన అటవీ హక్కుల చట్టం, 2006లో 3(1)(డి) చదవండి. అడవిలోని నీటి వనరుల చేపల మీద సామూహిక హక్కు అని స్పష్టంగా ఉంది. దానికి క్లెయిము ఫారం-బి. ఈ సెలవులకి మేం నలుగురం ఆ ఫారం పట్టుకుని గ్రామసభకి వెళ్తున్నాం. ఏ చెరువులో, ఏ కాలంలో, ఏ మావు వేసేవాళ్ళో పెద్దవాళ్ళని అడిగి రాసుకోవాలి. మీ ఊళ్ళో ఇప్పటికే వేసినవాళ్ళుంటే కింద రాయండి.