బర్తరఫ్, బహాల్

"మీ మామని బర్తరఫ్ చేశారు" అని యూనియన్ మనిషి ఫోన్ చేసింది 1999లో. ఫోన్ మా ఇంట్లో లేదు, కిరాణా కొట్లో ఉండేది. కొట్టు నుంచి ఇంటికి నడుస్తూ ఆ మాటనే నోట్లో తిప్పుకున్నాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. బర్ తరఫ్, అంటే ఒక పక్కకి. అమ్మీకి అలాగే చెప్పాను, మామూని ఒక పక్కకి పెట్టారు అని. "మరి బహాల్ ఎప్పుడు చేస్తారట?" అంది అమ్మీ. మునుపటి హాల్‌కి, మునుపటి స్థితికి తేవడం బహాల్. తెలుగు మొదటి మాటను మా దగ్గర తీసుకుని రెండోదాన్ని వదిలేసింది. రెండో మాట కోసం మా ఇంట్లో ఎనిమిదేళ్ళు ఎదురుచూశాం.

మామూది సీతారామపురం. ఉదయగిరి దాటి పడమటికి, వెలిగొండల కింద, కడప జిల్లా హద్దుకు ఆనుకుని ఉంటుంది. మెట్ట ఊరు. ఒక చేలో నిలబడి ఇంకో చేలోని మనిషిని పిలిచే గొంతులు మావి. మేం మామూలుగా మాట్లాడుకుంటుంటే నెల్లూరు బంధువులు "ఏం గొడవ?" అని బయటికొస్తారు. ఆ గొంతుతోనే మామూ నెల్లూరు వైపు ఒక నూలు మిల్లులో పదిహేడేళ్ళు ఫిట్టరుగా చేశాడు. వారపు సెలవుకి ఆత్మకూరు, ఉదయగిరి మీదుగా బస్సులు మారి ఇంటికొచ్చేవాడు. ఆ పదిహేడేళ్ళలో ఒక్క మెమో లేదు.

నానీ ఇంతెకాల్ అయ్యాక చెహ్లుమ్‌కి, అంటే నలభయ్యో రోజుకి, రెండు రోజులు సెలవు అడిగాడు. సూపర్‌వైజరు చీటీ చదవకుండానే బల్ల మీద పడేసి, "మీవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందయ్యా" అన్నాడట. అంతవరకు తెలుగులో మాట్లాడుతున్న మామూకి గుస్సాలో మాదరీ జబాన్ బయటికొచ్చింది. "ఠైర్, తేరేకూ దేఖ్ లేతూఁ."

ఆ నాలుగు మాటల ప్రయాణం చెప్తాను. పక్కనున్న కార్మికుడు గవాహీ ఇస్తూ తెలుగులో "నీ అంతు చూస్తా అన్నాడు" అని రాయించాడు. అతను అబద్ధం ఆడలేదు, తనకు వినపడిందే చెప్పాడు. ఆఫీసులో దాన్ని ఇంగ్లీషు చేశారు. చార్జిషీటులో అది "ప్రాణం తీస్తానని పై అధికారిని బెదిరించాడు" అయింది. దేఖ్ లేనా అంటే చూసుకోవడం. అమ్మీ నన్ను పక్కింట్లో వదిలి "జరా దేఖ్ లేనా" అనేది. అయినా అబద్ధం ఎందుకు, మామూ అన్నది బెదిరింపే. లహజా అలాంటిది. ఎంత బెదిరింపు అనేదే తగాదా.

చార్జిషీటుకి ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. మామూ ఆ కాగజ్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. నేను తెలుగులో డిగ్రీ చదువుతున్నాను. ఉర్దూ మీడియం పిల్లాడు తెలుగు మెయిన్ తీసుకున్నాడని ఊళ్ళో నాకొక గౌరవం ఉండేది, నాకు నా మీద అంతకు రెట్టింపు. రాత్రంతా కూర్చుని రాశాను. "మాతృవియోగ దుఃఖంలో, క్షణికావేశానికి లోనై అనరాని మాట అన్న మాట వాస్తవమే. పెద్దమనసుతో మన్నించ ప్రార్థన." మామూకి చదివి వినిపించాను. ఆయనకు సగం అర్థమైంది. "బహుత్ ఖూబ్ లిఖా బేటా" అని దస్తఖత్ చేశాడు.

సంజాయిషీ కూడా మా మాటే, సమ్‌ఝాయిష్. నచ్చజెప్పడం. చార్జిషీటులో రాసింది ఏమిటి, అన్నది ఏమిటి, ఏ సందర్భంలో అన్నాడు, సూపర్‌వైజరు ముందు ఏమన్నాడు, ఇవి నచ్చజెప్పాల్సిన చోట నేను మాఫీ అడిగాను. డొమెస్టిక్ ఎంక్వయిరీలో ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్న "ఈ సంజాయిషీ మీదేనా?" రెండోది "ఈ సంతకం మీదేనా?" మామూ రెండింటికీ "అవును సార్" అన్నాడు. తను అన్నది ఉర్దూలో అని గానీ, సెలవు చీటీ సంగతి గానీ ఆ తర్వాత చెప్పాడు. కానీ "వాస్తవమే" అనే మాట అప్పటికే ఫైలులో ఉంది.

నెల్లూరులో మా వకీల్ సాబ్ ఫైలు తిరగేసి, "ఇది రాసిందెవరు?" అన్నారు. మామూ గర్వంగా నావైపు చూపించాడు. వకీల్ సాబ్ నా మొహం చూసి ఇంకేమీ అనలేదు. ఆ మర్యాదకి ఆయనకు ఇప్పటికీ షుక్రగుజార్‌ని.

కార్మిక చట్టం నాకు అక్కణ్ణుంచే అబ్బింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971 దాకా ఒక లోటుండేది. యజమాని ఎంక్వయిరీ పద్ధతిగా జరిపితే, శిక్ష ఎంత పెద్దదైనా ట్రిబ్యునల్ సాధారణంగా వేలు పెట్టేది కాదు. కక్షసాధింపో, దురుద్దేశమో, సాక్ష్యమే లేకపోవడమో చూపించాలి. 1971లో 11ఏ సెక్షను చేర్చారు. నేరం రుజువైనా శిక్ష ఎక్కువైందనుకుంటే లేబర్ కోర్టు దాన్ని తగ్గించే వీలు, మనిషిని తిరిగి పనిలో పెట్టమనే వీలు అలా వచ్చింది. మన రాష్ట్రం 1987లో ఇంకో సవరణ తెచ్చి, యూనియన్ దయ కోసం, ప్రభుత్వం పంపడం కోసం చూడకుండా తీసేసిన కార్మికుడే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్ళే దారి ఇచ్చింది. మామూ ఆ దారినే వెళ్ళాడు.

వకీల్ సాబ్ ఆశంతా రెండు ఫైసలాల మీద. ఒకటి 1982 నాటి రమాకాంత్ మిశ్రా కేసు. ఉత్తరప్రదేశ్ విద్యుత్ బోర్డు ఉద్యోగి, పధ్నాలుగేళ్ళ మచ్చలేని సర్వీసు, ఒకసారి నోరు జారాడు, తీసేశారు. సుప్రీం కోర్టులో జస్టిస్ డి.ఏ. దేశాయ్ రాసిన తీర్పు చదువుతుంటే నాకు ఒళ్ళు ఝల్లుమంది. మాటలో బెదిరింపు ధ్వనించిందనేది విన్నవాడి అభిప్రాయం, గొంతు ఎత్తు మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, దాని వెనక ఏ చర్యా లేని ఒక్క మాటకు బర్తరఫ్ తగదు అన్నారు. రెండు ఇంక్రిమెంట్ల కోతతో సరిపెట్టారు. మా సీతారామపురం గొంతు ఆయనకెలా తెలిసిందా అనుకున్నాను. రెండోది 1984 నాటి వేద్ ప్రకాశ్ గుప్తా కేసు. తిట్టినందుకు తీసేస్తే అది మరీ అన్యాయమైన శిక్ష అని పూర్తి బకాయి జీతంతో వెనక్కి పంపారు.

2003లో లేబర్ కోర్టు అవార్డు వచ్చింది. ఆరోపణ రుజువైంది (నా సంజాయిషీ పుణ్యమే), శిక్ష మాత్రం ఎక్కువ. పదిహేడేళ్ళ సర్వీసు, రెచ్చగొట్టిన మాట, ఒక్క వాక్యం, ఆ తర్వాత ఏమీ జరగలేదు. సర్వీసు కొనసాగింపుతో పనిలోకి తీసుకోవాలి, పాత జీతం లేదు. ఆ నాలుగేళ్ళ జీతం పోయింది ఆ "వాస్తవమే" వల్లనే అని ఎవరూ నాతో అనలేదు.

అమ్మీ ఖీర్ వండింది. మూడు నెలలకి మిల్లు హైకోర్టుకి వెళ్ళింది.

హైకోర్టు ఇలాంటివాటిలో అప్పీలు వినదు. 226వ అధికరణం కింద పునఃపరిశీలిస్తుంది. దీనికి ఇప్పటికీ చెప్పే ఉదాహరణ 1963 నాటి సయ్యద్ యాకూబ్ కేసు. పేరు చూసి మా కథలాంటిదేనేమో అనుకున్నాను, చూస్తే మద్రాసు బస్సు పర్మిట్ల తగాదా. సాక్ష్యాన్ని మళ్ళీ తూకం వేయకూడదు, రికార్డు మీద కనపడే చట్టపు తప్పు ఉందా, అధికారం మీరారా, సాక్ష్యమే లేకుండా తేల్చారా, ఇవే చూడాలి. అమెరికాలో యూనియనూ కంపెనీ కలిసి ఒక మధ్యవర్తిని ఎంచుకుంటాయి. అక్కడి సుప్రీం కోర్టు 1960లోనే, మధ్యవర్తి ఫైసలా తమకు నచ్చలేదని జడ్జీలు దాన్ని కొట్టేయకూడదంది. మన 1947 చట్టంలోనూ 10ఏ కింద మధ్యవర్తి ఉండేవాడు. గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ కేసులో అలాంటి మధ్యవర్తికి కూడా శిక్ష తగ్గించే అధికారం ఉందని జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు. మా వైపు మిల్లుల్లో మధ్యవర్తి మీద ఇద్దరికీ ఒకేసారి భరోసా కుదరడం నేనైతే చూడలేదు.

కేసు హైదరాబాదులో నడుస్తుండగా మామూకి నెలనెలా చివరి జీతం వచ్చింది. యజమాని పై కోర్టుకు వెళ్తే ఆ కాలమంతా చివరి జీతం ఇవ్వాలన్నది ఆ చట్టంలో అప్పటి 17బీ సెక్షను. కార్మికుడు వేరే ఉద్యోగం లేదని అఫిడవిట్ ఇవ్వాల్సి ఉండేది. మామూ కలం పట్టుకుని ఆగిపోయాడు. సంతలో నిమ్మకాయలు అమ్ముతున్నాడు మరి. "ఝూటీ కసమ్ నేను తినను" అన్నాడు. నిమ్మకాయల సంగతి కూడా అఫిడవిట్‌లో రాసి, ఇది ఉద్యోగం కిందికి రాదని వకీల్ సాబ్ నచ్చజెప్పాకే దస్తఖత్ పడింది. ఈసారి రాసింది నేను కాదు.

2005 ఫిబ్రవరిలో గాలి తిరిగింది. మహీంద్రా అండ్ మహీంద్రా వర్సెస్ నరవడే. పై అధికారిని బూతులు తిట్టిన కార్మికుణ్ణి లేబర్ కోర్టు వెనక్కి తీసుకోమంది, బొంబాయి హైకోర్టు సరేనంది, సుప్రీం కోర్టులో జస్టిస్ సంతోష్ హెగ్డే బెంచి రెండింటినీ కొట్టేసింది. 11ఏ అధికారానికి హద్దులున్నాయి, జాలితో వాడేది కాదంది. మిల్లు వకీలు దాన్ని వెంటనే ఫైలు చేశాడు. ఆ రోజు వకీల్ సాబ్ ఫోనులో "దువా చేయండి" అన్నారు. వకీలు దువా అడిగితే అర్థం వేరే చెప్పక్కర్లేదు.

ఆ తీర్పు అన్యాయం అని అప్పట్లో అందరితో వాదించేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఇసుక మీద ఒక వార్త రాసినప్పుడు నాకొక ఫోన్ వచ్చింది. "అన్నా, బాగున్నారా? మీకిద్దరు పిల్లలు గదా" అన్నాడు. చాలా అదబ్‌గా. బూతు లేదు, గొంతు పెంచలేదు. రికార్డు మీద రాస్తే క్షేమసమాచారమే. నెలరోజులు పిల్లల్ని స్కూలుకి నేనే దింపాను.

ఆ తర్వాతే ఆ సూపర్‌వైజరుని కలవాలనిపించింది. రిటైరై ఆత్మకూరులో ఉన్నాడని తెలిసింది. బస్టాండు దగ్గర టీ కొట్లో కూర్చున్నాం. "అబ్బయ్యా, మీ మామ అన్నదేందో నాకు అర్థం కాలే. ఆ చూపు అర్థమైంది" అన్నాడు. ఆర్నెల్లు నైట్ షిఫ్ట్ అయ్యాక సైకిల్ మీద వేరే దారిలో ఇంటికి పోయేవాడట. ఇద్దరు ఆడపిల్లలు. సెలవు చీటీ సంగతి ఎత్తాను. గ్లాసులోకి చూస్తూ, "అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఈ రెండు మాటలూ ఎంక్వయిరీ ఫైల్లో లేవు. అడిగినవాళ్ళు లేరు.

2007లో హైకోర్టు అవార్డును నిలబెట్టింది. నరవడే కేసులో రెచ్చగొట్టింది లేదు, ఇక్కడ ఉంది, లేబర్ కోర్టు కారణాలు చెప్పే తగ్గించింది, మేం మార్చనక్కర్లేదు అని రెండు పేరాల్లో తేల్చారు. మామూ బహాల్ అయ్యాడు. రిటైర్మెంట్‌కి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ పద్నాలుగు నెలలూ మిల్లులో ఆయన గొంతు ఎవరూ వినలేదట. ఇంట్లో కూడా తగ్గిపోయింది. పక్క చేలోంచి పిలవాలంటే ఇప్పుడు నడిచి వెళ్తాడు.

మొన్న ఈద్‌కి వెళ్తే పింఛను ఆఫీసుకి దరఖాస్తు రాయమన్నాడు. "నువ్వైతేనే బాగా రాస్తావు" అని మా అబ్బాయికి నా పాత సంజాయిషీ కథ చెప్పడం మొదలుపెట్టాడు, ఎంత బాగా రాశానో. దరఖాస్తు మూడు వాక్యాల్లో రాసి, ఒక్కో వాక్యం దక్కనీలో చెప్పి, అర్థమైందన్నాకే కలం ఇచ్చాను. ఆ పాత కాగజ్ జిరాక్స్ నా దగ్గరే ఉంది. దానివల్ల ఏం జరిగిందో మామూకి ఇంతవరకూ చెప్పలేదు.