గుర్రం సరేనంటేనే

గుర్రంమీద యాభై మైళ్లు వెళ్లే ఎండ్యూరెన్స్ రైడ్‌కి ప్రవేశ రుసుము 100 డాలర్లు దాటుతుందని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "గెలిస్తే ఎంతొస్తుంది?" అని. డబ్బు ఏమీ రాదు. అందరికంటే ముందు వచ్చిన మనిషికీ, 12 గంటల గడువు ముగిసే ముందు చిట్టచివర చేరిన మనిషికీ మా దగ్గర ఇచ్చేది ఒకే వస్తువు. ఒక ఏడు టీషర్టు, ఒక ఏడు దాణా పెట్టే రబ్బరు తొట్టి. చివర వచ్చినవారికి అదనంగా తాబేలు బహుమతి కూడా ఉంటుంది. అది ఎగతాళికి ఇచ్చేది కాదు. గడువంతా వాడుకుని గుర్రాన్ని క్షేమంగా ఇంటికి తెచ్చినందుకు అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడతారు.

శాక్రమెంటోకి ఈశాన్యంగా, సియెర్రా నెవాడా కొండలు మొదలయ్యేచోట మా ఇల్లు. అమ్మాయి స్వారీ నేర్చుకుంటానంటే వెంట వెళ్లి, అక్కడే నిలిచిపోయాను. నేను గుర్రం ఎక్కను. రైడ్ జమాఖర్చులు చూస్తాను, భోజనాల సంగతి చూస్తాను, బహుమతులు చేయిస్తాను. పక్కనే ఉన్న ఆబర్న్ ఊరు ఈ క్రీడకు పుట్టిల్లు. గుర్రం ఒక్క రోజులో 100 మైళ్లు వెళ్లగలదని నిరూపించడానికి 1955లో వెండెల్ రోబీ అనే ఆబర్న్ పెద్దమనిషి కొందరు స్నేహితులతో టాహో సరస్సు ప్రాంతం నుంచి కొండలు దాటి వచ్చాడు. అదే ఇప్పటికీ నడుస్తున్న టెవిస్ కప్. 24 గంటల్లో 100 మైళ్లు పూర్తిచేసిన ప్రతివారికీ వెండి బెల్టు బకిల్ ఇస్తారు. బయల్దేరినవారిలో సుమారు సగం మందికే అది దక్కుతుంది. దేశమంతటా ఇలాంటి రైడ్‌లకు నియమాలు పెట్టే అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్ 1972లో ఏర్పడింది. దాని కార్యాలయమూ ఆబర్న్‌లోనే. 'పూర్తి చేయడమే గెలుపు' అన్నది వాళ్ల నినాదం.

మరి రుసుమంతా ఎటు పోతుంది? అటవీ శాఖ అనుమతి, బీమా, తాత్కాలిక మరుగుదొడ్లు, కొండమీదికి నీళ్లు మోసే ట్యాంకరు. కాన్ఫరెన్స్‌కి తలకింత కట్టాలి. గుర్రాలకు మందులు ఎక్కించారేమో చూసే కాలిఫోర్నియా ప్రభుత్వ పరీక్షల కోసం గుర్రానికింత కట్టాలి. వీటన్నిటికంటే పెద్ద పద్దు పశువైద్యులది. మేం పెట్టే ఖర్చులో నేను మనసారా సంతకం పెట్టేది ఆ చెక్కు మీదే.

వెట్ చెక్, అంటే దారి మధ్యలో గుర్రానికి చేసే వైద్యపరీక్ష, చూడనివాళ్లకు ఈ క్రీడ అర్థం కాదు. పదిహేను ఇరవై మైళ్లకొకసారి దారి ఒక మైదానంలోకి వస్తుంది. రౌతు దిగి జీను వదులు చేసి, గుర్రం మెడమీద స్పాంజితో నీళ్లు పిండుతుంటాడు. పల్స్ నిమిషానికి 60కో 64కో, ఆ రోజు వైద్యులు ఏ అంకె పెడితే దానికి, దిగాలి. దిగేదాకా అతని విశ్రాంతి సమయం మొదలు కాదు. అరగంటలో దిగకపోతే రైడ్ అక్కడితో సరి. అందుకే తెలివైనవాళ్లు చివరి మైలు దిగి నడిపించుకుంటూ వస్తారు. పల్స్ చూసేది మా స్వచ్ఛంద సేవకులే. ఎడమ మోచేయి వెనక స్టెతస్కోపు పెట్టి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేస్తారు. ఆ తర్వాత వైద్యుడు. చిగుళ్లను వేలితో నొక్కి వదిలితే ఎర్రదనం ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూస్తాడు. మెడమీది చర్మం గిల్లి, ఒంట్లో నీరెంతుందో అంచనా వేస్తాడు. కడుపుకి రెండు వైపులా చెవి ఒగ్గి పేగుల చప్పుడు వింటాడు. అక్కడ నిశ్శబ్దంగా ఉందంటే ప్రమాదం. పల్స్ ఒకసారి చూసి, 125 అడుగులు ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, వెళ్లి తిరిగి రమ్మంటాడు. పరుగు మొదలెట్టిన నిమిషానికి మళ్లీ చూస్తే, ముందున్న అంకె దగ్గరికే రావాలి. పెరిగిందంటే ఆ గుర్రం లోపల ఎక్కడో అవస్థ పడుతోందని అర్థం. ఆ ట్రాట్‌లోనే కుంటు కూడా బయటపడుతుంది.

మనిషైతే అలసిపోయానని చెప్తాడు. గుర్రం, ముఖ్యంగా ఈ రైడ్‌లలో ఎక్కువగా కనబడే అరబ్బీ గుర్రం, ఎక్కినవాడు వెళ్దామంటే వెళ్తూనే ఉంటుంది. చెమటతోపాటు ఉప్పులు పోతాయి. మన చెమటకంటే గుర్రం చెమటలో ఉప్పు ఎక్కువ. ఒంట్లో ఆ ఉప్పులు మరీ తగ్గితే గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్కలు కూడా ఎగిరిపడతాయి. అది నేను చూశాను. అందుకే మా దగ్గర చికిత్స చేసే వైద్యుడు వేరుగా, ఏ పనీ అప్పగించకుండా, రోజంతా అక్కడే ఉంటాడు. ఆయన్ని ఊరికే కూర్చోబెట్టి డబ్బివ్వడం దండగ అన్నవాళ్లున్నారు. ఆయన రోజంతా ఊరికే కూర్చోవాలనే నా ప్రార్థన.

నిర్వహణ తప్పితే ఏమవుతుందో 2018లో లోకమంతా చూసింది. నార్త్ కరొలైనాలోని ట్రయాన్‌లో ప్రపంచ స్థాయి పోటీ. మొదట్లోనే కొందరు రౌతులను దారి తప్పించి పంపారు. ఆపి, దూరం తగ్గించి, మళ్లీ మొదలుపెట్టారు. చివరికి ఎండ, ఉక్కపోత భరించరాక పోటీనే రద్దు చేశారు. పదుల సంఖ్యలో గుర్రాలకు చికిత్స చేయాల్సివచ్చింది. ఒకటి ప్రాణాలు కోల్పోయింది. మా చిన్న రైడ్‌లో దారి పొడవునా రిబ్బన్లు కట్టేవాళ్లు మలుపు మలుపునా ఆగి రెండోసారి చూసుకోవడం నాకు చాదస్తంగా ఎప్పుడూ అనిపించదు.

ముగింపు గీత దాటినా అయిపోదు. ఆఖరి పరీక్షలో గుర్రం 'ముందుకు సాగే స్థితిలో ఉంది' అని వైద్యుడు అనాలి. ఒక వేసవి సాయంత్రం, డెబ్బై దాటిన ఒకావిడ యాభై మైళ్లూ పూర్తిచేసి వచ్చింది. ట్రాట్‌లో గుర్రం ముందు కుడికాలు కాస్త తేలిగ్గా వేసింది. వైద్యుడు మరోసారి పరిగెత్తించి చూసి, తల అడ్డంగా ఊపాడు. ఆవిడ వాదించలేదు. గుర్రం నుదురు నిమిరి, "ఐస్ ఎక్కడుంది?" అని అడిగింది. ఆ రోజు నాకు సాయానికి వచ్చిన మన కుర్రవాడొకడు నా చెవిలో, "అక్కా, ఇంత దూరం వచ్చాక టీషర్టయినా ఇవ్వకూడదా, పాపం?" అన్నాడు. ఇవ్వకూడదు నాన్నా. అది ఇచ్చేస్తే, రేపు కుంటుతున్న గుర్రాన్ని దాచి నెట్టుకొచ్చేవాడికీ ఇవ్వాల్సివస్తుంది. ఆవిడకు తెలుసు కాబట్టే అడగలేదు.

భోజనం మాత్రం అందరికీ. రైడ్ పూర్తయినా, మధ్యలో పుల్ అయినా, అంటే వైద్యులు ఆపేసినా, రుసుములోనే రాత్రి భోజనం ఉంది. పుల్ అయినవాళ్లు గుడారాల్లో ఒంటరిగా కూర్చోకుండా బల్ల దగ్గరికి రావాలని నేనే వెళ్లి పిలుస్తాను. మనింట్లో నేర్చుకున్న అలవాటది, ఇక్కడ బాగా పనికొచ్చింది. మాంసం వంటలు ఒక స్థానిక వంటాయన చూస్తాడు. కొండమీద చెక్ దగ్గర పనిచేసేవాళ్లకు మాత్రం నేను పులిహోర పంపుతాను. చింతపండు, నూనె, ఉప్పు ఉండటంవల్ల మధ్యాహ్నం ఎండకు పెరుగన్నంలా పులిసిపోదు, చెమటోడ్చినవాళ్లకు ఉప్పూ అందుతుంది. మొదట అనుమానంగా చూసినవాళ్లే ఇప్పుడు ఆ డబ్బా కోసం రేడియోలో వాకబు చేస్తారు.

ఈ మధ్య మా కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చింది. మొదట వచ్చినవారికి వేరుగా పెద్ద బహుమతి పెడితే, దానికి దాత పేరు పెడితే, ఎక్కువమంది వస్తారని. నేను ఒప్పుకోలేదు. ముందుగా వచ్చినందుకే బహుమతి పెడితే, దాని భారం గుర్రం కాళ్లమీద పడుతుంది. పెంచాలనుకుంటే ఉత్తమ స్థితి బహుమతిని పెంచండి అన్నాను. మొదటి పదిమందిలో ఏ గుర్రం ఇంకా నిలకడగా ఉందో చేరిన గంట తర్వాత చూసి ఇచ్చేది అది. 500 మార్కులు వైద్యుడివి, 200 సమయానికి, 100 మోసిన బరువుకి. టెవిస్‌లో దీనికి సాటి అయిన హ్యాగిన్ కప్‌ని మొదటి స్థానంకంటే గొప్పగా చూసే రౌతులు చాలామంది. కమిటీలో చివరికి మధ్యేమార్గం కుదిరింది. దాత డబ్బుతో ఈ వేసవికి ఇంకో వైద్యురాలిని పిలుస్తున్నాం. గుర్రానికి కప్పే మంచి దుప్పటి ఉత్తమ స్థితి బహుమతిగా వెళ్తుంది, దానిమీద దాత పేరుంటుంది.

ఈ చుట్టుపక్కల ఉన్న మన కుటుంబాలకు నాదో అభ్యర్థన. స్వారీ రానక్కర్లేదు, గుర్రమంటే భయమున్నా ఫర్వాలేదు. పల్స్ చూసేవాళ్లు, కాగితాలు రాసేవాళ్లు, తొట్లు నింపేవాళ్లు మాకు ఎప్పుడూ తక్కువే. మీకు దగ్గర్లో జరిగే ఏ రైడ్ నిర్వాహకులనైనా అడగండి, వద్దనరు. స్టెతస్కోపు వాడడం అక్కడే నేర్పుతారు. పాదాలు పూర్తిగా మూసే బూట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని, తెల్లవారకముందే రండి. మా రైడ్‌కి వస్తే భోజనం మాదే.