కనపడకుండా నడిచిన ఎక్సెల్

దాళ్వా ధాన్యం మిల్లులకు చేరే రోజుల్లో పెంటపాడులో కాటాల దగ్గర ఊపిరి సలపదు. అక్కడి ఒక మిల్లులో లెక్కలు నేను చూసేవాణ్ణి. బండి నంబరు, బస్తాలు, తూకం ఎక్సెల్‌లోకి ఎక్కించి, రైతువారీగా లెక్క తేల్చే స్క్రిప్టు రాశాను. అది నడిచినప్పుడల్లా ఎక్సెల్ విండో ముందుకొచ్చి గుమస్తా గారి పనికి అడ్డం పడేది. "అది స్క్రీను మీదకి రాకుండా చూడండి బాబూ" అన్నారాయన. స్క్రిప్టులో విజిబుల్ అన్నచోట ఫాల్స్ పెట్టాను.

అక్కడితో ఆగాల్సింది. స్క్రిప్టు అప్పుడప్పుడూ మధ్యలో నిలిచిపోయేది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎక్సెల్ పేరే ఒకదాని కింద ఒకటి కనిపించేది. తెర వెనకున్న ఎక్సెల్ ఏదో ప్రశ్న అడిగి, జవాబు కోసం కాచుకుని ఉండేది. ఆ ప్రశ్నేమిటో చూడకుండానే డిస్‌ప్లే అలర్ట్స్‌కీ ఫాల్స్ పెట్టేశాను. నేను చేసిన తప్పు అదే. అలర్టులు ఆపితే ఎక్సెల్ మనల్ని అడగదు, జవాబు తనే ఎంచుకుంటుంది. సేవ్ యాజ్ చేసేటప్పుడు అదే పేరుతో ఫైలుంటే దానిమీదే రాసేస్తుంది.

తేమ మళ్ళీ చూసి గుమస్తా గారు తగ్గించిన తరుగులన్నీ నా స్క్రిప్టు అలా చెరిపేసిన ఫైల్లోనే ఉన్నాయి. ఒక కౌలు రైతు చీటీ పట్టుకొచ్చి "మొన్న చెప్పిన లెక్క ఇది కాదు కదండీ" అనేదాకా మాకు తెలియలేదు. గుమస్తా గారి కాగితాలు ఉండబట్టి ఆ రైతుల డబ్బు నిలిచింది. నా స్క్రిప్టు వల్ల కాదు.

మనిషి ఎదురుగా లేకుండా ఆఫీస్ ప్రోగ్రాములను ఇలా నడపడాన్ని సిఫారసు చేయబోమని, దానికి సపోర్టు ఇవ్వబోమని మైక్రోసాఫ్ట్ ఏనాడో రాసిపెట్టింది. నేను తర్వాత చదివాను. ఇప్పుడు పైథాన్‌లో ఓపెన్‌పైఎక్స్ఎల్‌తో, ఎక్సెల్‌ను తెరవకుండానే ఫైలు చదివి రాస్తున్నాను. అది ఫార్ములాలను లెక్కకట్టదు కాబట్టి మొత్తాలు స్క్రిప్టులోనే వేస్తాను. ఫైలు పేరులో తేదీ, టైము ఉంటాయి. ఆ పేరుతో ముందే ఫైలుంటే పని ఆగిపోయి, ఎందుకు ఆగిందో గుమస్తా గారి స్క్రీను మీద తెలుగులో వస్తుంది.

మీ కొట్టులోనో ఆఫీసులోనో ఇలాంటి స్క్రిప్టు ఉంటే, విండో కనపడేలా పెట్టి కొన్నాళ్ళు నడిపి చూడండి. అందులో డిస్‌ప్లే అలర్ట్స్ ఫాల్స్ అన్న లైను ఉందేమో ఇవాళే వెతకండి. ఉంటే, మీ బదులు అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో తెలుసుకోండి.