చోక్ మీద బతికిన బండి

వినాయక చవితికి మూలన పెట్టిన బండిని సంక్రాంతికి బయటికి తీశాను. నాన్న బండి. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన దాని జోలికి పోలేదు. దుప్పటి లాగితే దుమ్ము, దుమ్ము తుడిస్తే సాలెగూడు, సైలెన్సరు మూతిలో కందిరీగ కట్టిన మట్టిగూడు. దాన్ని పుల్లతో రాల్చి కిక్కు కొట్టాను. పదిహేనో కిక్కుకి బండి లేవలేదు గానీ నాకు ఆయాసం లేచింది.

"ప్లగ్గు మార్చరా" అన్నాడు పక్కింటి బాబాయ్, పేపరు దించకుండానే. వీధిలో ఆగిన ప్రతి బండికీ ఆయన చెప్పే మందు అదే. ప్లగ్గు విప్పి, ఇంజనుకి ఆనించి కిక్కు కొట్టి చూశాను. నిప్పురవ్వ నీలంగా, శుభ్రంగా ఎగిరింది. అమ్మ అనుమానం బ్యాటరీ మీద, హారన్ మూలిగింది కదా అని. కానీ ఈ పాత బండికి నిప్పు మ్యాగ్నెట్ కాయిలే ఇస్తుంది, బ్యాటరీ చచ్చినా కిక్కుకి లేవాలి. నాకు వింతగా తోచింది వేరే: అన్ని కిక్కులు కొట్టినా ప్లగ్గు పొడిగానే ఉంది. అంటే పెట్రోలు లోపలిదాకా రావడం లేదన్నమాట.

చోక్ ఎత్తాను. రెండో కిక్కుకి లేచింది! దింపాను. పోయింది. సరే, సగం చోక్ మీదే మెకానిక్ దగ్గరికి బయల్దేరాను. రోడ్డు మీద ఎక్సలేటర్ తిప్పినంతసేపూ గుర్రమే. రైల్వే గేటు దగ్గర చెయ్యి వదిలానో లేదో, చల్లబడింది.

"జెట్టు మూసుకుంది సార్" అన్నాడు భాయ్ అంతా విని, బండిని ముట్టుకోకుండానే. ఎక్సలేటర్ వదిలినప్పుడు ఇంజను తాగే పెట్రోలంతా స్లో జెట్‌లోంచే రావాలి. దాని చిల్లు అర మిల్లీమీటరు కూడా ఉండదు. తిప్పితే పని మెయిన్ జెట్ అందుకుంటుంది కనుక పరుగులో రోగం కనబడదు. చోక్ గాలిని నొక్కిపట్టి ఆ కొరతని కప్పిపుచ్చుతుంది, అంతే.

కార్బొరేటర్ గిన్నె విప్పితే కషాయం రంగు పెట్రోలు, వార్నిష్ కంపు. అడుగున రెండు నీటి బొట్లు. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. సగం ఖాళీ ట్యాంకు, మధ్యలో వానాకాలం. పైగా పెట్రోలు కాక్ తెరిచే ఉంది. గిన్నెలోది ఆవిరైన కొద్దీ పైనుంచి మళ్ళీ దిగుతూ, పోతూ పోతూ జిగురు మిగిల్చింది. నాన్న ఏ రాత్రీ కాక్ కట్టకుండా పడుకునేవాడు కాదు. చవితినాడు బండి పెట్టింది నేను.

భాయ్ రెండు జెట్లనీ ఎండకెత్తి చూపించాడు. ఒకదాంట్లో సూదిమొనంత వెలుతురు. రెండోదాంట్లో చీకటి.

"గ్రహణం సార్."

క్లచ్ వైరు పోగుతో పొడుస్తారేమో అని భయపడ్డాను, ఉక్కు తగిలితే చిల్లు పెద్దదవుతుంది. అతను కరెంటు తీగలోంచి సన్నటి రాగి పోగు లాగాడు, తర్వాత గాలి కొట్టాడు. పాత పెట్రోలు పారబోసి కొత్తది పోయించాడు.

ఇంటిముందు బండిని ఆపకుండా నిలబెట్టాను, చోక్ దింపి. టకటకమంటూ ఆడుతూనే ఉంది. బాబాయ్ పేపరు మీంచి చూశాడు: "ప్లగ్గేనా?"

నేను నోరు విప్పేలోపే లోపలి మంచం మీంచి నాన్న గొంతు.

"ఐడ్లింగ్ ఎక్కువ పెట్టాడు. స్క్రూ అర చుట్టు తగ్గించు."