గాలం ఎంపికలోనూ ఇహ్‌సాన్

కత్తికి పదును పెట్టడం కూడా ధర్మాచరణలో భాగమేనని చెప్పినప్పుడు మా మదరసా విద్యార్థుల ముఖాలలో ఆశ్చర్యం కనిపిస్తుంది. హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్‌ను, అంటే పనిని చక్కగా, దయతో నిర్వర్తించడాన్ని అల్లాహ్ విధిగా చేశాడనీ, జిబహ్ చేసేవాడు కత్తికి పదును పెట్టుకుని జంతువు బాధను తగ్గించాలనీ దైవప్రవక్త (స) అందులో బోధించారు. బక్రీద్ రోజులలో ఈ హదీసు మనకు గుర్తుకొస్తుంది. చేపల దగ్గరకు వచ్చేసరికి మరచిపోతాము. చేపకు జిబహ్ అవసరం లేదు కనుక దాని పట్ల మనకు ఏ బాధ్యతా లేదనుకుంటాము.

ఈ భావన ఎంత పొరపాటో కాశ్మీరులోని లిద్దర్ నది ఒడ్డున నాకు స్పష్టమైంది. హదీసు పాఠాలలో నా పక్కన కూర్చున్న సహాధ్యాయి ఒకరు ఆ నదికి సమీపంలోనే నివసిస్తున్నారు. ఆయన ఆహ్వానంపై మా అక్కయ్య కొడుకుతో కలిసి అక్కడికి వెళ్ళాను. కొలహోయి హిమనదం నుండి పుట్టిన లిద్దర్ పహల్గాం మీదుగా పారి జీలం నదిలో కలుస్తుంది. ఆ చల్లని, వేగవంతమైన నీటిలో ట్రౌట్ చేప పెరుగుతుంది. వెచ్చని నీరు దానికి సరిపడదు కనుక మన కృష్ణా గోదావరులలో అది బ్రతకదు. కాశ్మీరుకు కూడా అది స్థానికమైనది కాదు. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుండి తెప్పించి అక్కడి నీళ్ళలో పెంచారు.

మా మేనల్లుడు పట్టణంలో కొన్న స్పిన్నర్ల పెట్టె ఒకటి వెంట తెచ్చాడు. స్పిన్నర్ అంటే నీటిలో లాగుతున్నప్పుడు గిర్రున తిరిగి మెరిసే చిన్న లోహపు రేకు. దానిని చిన్న చేప అనుకుని ట్రౌట్ నోట కరుచుకుంటుంది. ప్రతి స్పిన్నర్ చివరా మూడు మొనల గాలం వేలాడుతోంది. నా మిత్రుడు వాటిని చూసి, "బాబూ, నీళ్ళలో వేసే ముందు వీటిని మార్చుదాం" అని పటకారు తీసుకున్నారు.

"మామయ్యా, మూడు మొనలుంటే చేప తప్పించుకోదు కదా?" అని మేనల్లుడు నన్ను అడిగాడు. నేను జవాబిచ్చేలోగా, కొంచెం దిగువన ఎవరో పట్టిన జానెడు చేపను మిత్రుడు మాకు చూపించారు. ఒక మొన దాని పెదవిలో, మరొకటి మొప్పలో దిగి ఉన్నాయి. మొప్ప నుండి నెత్తురు ధారగా కారుతోంది. చిన్నదని పట్టినవాడు దానిని మళ్ళీ నీటిలో వదిలాడు. అది వెల్లకిలా తిరిగి ప్రవాహంలో కొట్టుకుపోయింది. అది ఎవరికీ ఆహారం కాలేదు, తనకూ ప్రాణం మిగలలేదు. మేనల్లుడు మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు.

ఆ సాయంత్రం మిత్రుడు చెప్పిన విషయాలను ఇక్కడ క్రోడీకరిస్తున్నాను.

మొదటిది, ఒంటి మొన గాలం. అది సాధారణంగా చేప పెదవి అంచున దిగుతుంది, తీయడం సులభం. మూడు మొనలది కంటిలోనూ మొప్పలోనూ కూడా గుచ్చుకోగలదు. రెండవది, మొనకు కాస్త వెనుక ఎదురుగా పొడుచుకుని ఉండే చిన్న ముల్లు. దిగిన మొనను వెనక్కు రానీయనిది అదే. పటకారుతో దానిని నొక్కి చదును చేస్తే గాలం వచ్చిన దారినే తేలికగా బయటకు వస్తుంది, గాయం పెద్దది కాదు.

మూడవది పరిమాణం. గాలాల సంఖ్య పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 10వ సంఖ్య గాలం 6వ సంఖ్య కంటే చిన్నది. మూడు మొనల 10వ సంఖ్య గాలాన్ని తొలగిస్తే, దాని స్థానంలో ఒంటి మొన 8 గానీ 6 గానీ వేయాలి. మరీ బరువైనది తగిలిస్తే రేకు సరిగా తిరగదు. మరీ చిన్నదైతే చేప దానిని లోపలికి మింగే ప్రమాదముంది. నాలుగవది పదును. మొనను బొటనవేలి గోటిపై మెల్లగా జరపాలి. పట్టుకుంటే పదునున్నట్లు, జారిపోతే లేనట్లు. మొద్దుబారిన మొన కండను చీలుస్తుంది. ఐదవది లోహం. తుప్పు పట్టని ఉక్కు గాలం తెగి చేప నోట మిగిలిపోతే చాలాకాలం అలాగే ఉంటుంది. మామూలు ఉక్కుదైతే తుప్పు పట్టి క్రమంగా క్షీణిస్తుంది.

"ముల్లు లేకపోతే చేప జారిపోదా?" అన్న సందేహం సహజమే. దారాన్ని ఎప్పుడూ బిగువుగా ఉంచితే చాలావరకు జారదు. అయినా జారిపోతే, అది ఆ పూట మనకు రాయబడని ఉపాధి అని నా మిత్రుడు నవ్వారు.

తినదలచిన చేపను ఒడ్డున కొట్టుకోనీయక, తలపై ఒక్క దెబ్బతో వెంటనే దాని బాధను ముగించాలి. వదలదలచిన దానిని తడి చేతులతోనే పట్టుకోవాలి. పొడి చేయి దాని ఒంటిపై రక్షణగా ఉన్న జిగురు పొరను తుడిచివేస్తుంది.

మాయిదా సూరా నీటి వేటను మనకు ధర్మసమ్మతం చేసింది. అయితే ప్రాణిని వినోదానికి గురిగా పెట్టడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. ఒక పక్షిని కట్టి దానిపై బాణాలు వేస్తున్న యువకులను హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఈ బోధనను గుర్తుచేసి మందలించారు. కనుక ఆహారం కోసం పట్టడం వేరు, కేవలం పెనుగులాట చూసి ఆనందించేందుకు రోజంతా పట్టి వదలడం వేరు. చిన్న చేపను వదలడం దయే. వదలడానికే పట్టడం దయ అనిపించుకోదు.

మత్స్యశాఖ అనుమతి పత్రంలో ఏ గాలం వాడాలో, ఎన్ని చేపలు పట్టవచ్చో రాసి ఉంటుంది. దానిపై సంతకం చేయడమంటే మాట ఇవ్వడమే. ఆరాఫ్ సూరాలో శనివారపు కట్టుబాటును దాటిన సముద్రతీరవాసుల ప్రస్తావన ఉంది. వారికి పరీక్ష వచ్చింది చేపల రూపంలోనే. కట్టుబడి ఉండవలసిన రోజునే చేపలు నీటిపైకి వచ్చి ఊరించాయి. చూసేవారెవరూ లేని నది ఒడ్డున మనకు వచ్చే పరీక్ష కూడా అటువంటిదే.

ట్రౌట్ మన ఊళ్ళలో లేకపోవచ్చు. గాలాలు మాత్రం ఉన్నాయి. కొర్రమీను కోసం బ్రతికున్న కప్పను గాలానికి గుచ్చే పిల్లలను మన చెరువు గట్లపై చూస్తూనే ఉంటాము. బ్రతికున్న ప్రాణిని ఎరగా గుచ్చడం అయిష్టకరమని, ముందు దాని ప్రాణం పోనివ్వాలని మా ఉస్తాదులు చెప్పేవారు. మీ పిల్లలు గాలం పట్టుకుని చెరువుకు బయలుదేరితే వారిని ఆపనవసరం లేదు. ఒక్క నిమిషం కూర్చోబెట్టి, ఆ మొనను వారి గోటిపైనే జరిపి చూపించండి. ఎదురు ముల్లును వారి చేతనే నొక్కించండి. కరుణామయుడైన అల్లాహ్ తన సృష్టి పట్ల కరుణను మన చేతులకూ ప్రసాదించుగాక. ఆమీన్.