ఎక్కేది కృష్ణ, దిగేది మూసీ

మా అపార్టుమెంటుకు నల్లా వచ్చే రోజు ఆ సంగతి తెల్లవారుజామునే తెలిసిపోతుంది. వాచ్‌మన్ వాల్వు తిప్పగానే గొట్టంలో గాలి గుర్రుమంటుంది, ఆ వెనకే సంపులో నీళ్ల చప్పుడు. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందుల్లో ఇది రోజు విడిచి రోజు జరిగే తంతు. మొన్న ఒక ఆదివారం ఆ చప్పుడుకే మెలకువ వచ్చింది. ఈ నీళ్లు ఏ దారిన వస్తాయి, మనం వాడి వదిలాక ఏ దారిన పోతాయి, ఒకసారి వెంటపడి చూద్దామని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను. స్కూటర్ తీశాను.

ముందు వచ్చే దారి. ఎల్బీనగర్ చౌరస్తా దాటి వనస్థలిపురం వైపు వెళ్తే సాహెబ్‌నగర్ జలాశయం. గేటు బయటినుంచి కనిపించేది ఒక ప్రహరీ, కొన్ని చెట్లు, అంతే. కానీ తూర్పు హైదరాబాద్ గొంతు తడిసేది ఇక్కడినుంచే. నాగార్జునసాగర్ వెనక నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లికి చేరుస్తారు. కోదండాపురంలో శుద్ధి చేస్తారు. నాసర్లపల్లి, గోడకొండ్ల మెట్లెక్కించి గున్‌గల్ గుట్టమీదికి తెస్తారు. అక్కడినుంచి వాలు పట్టుకుని నీళ్లే సాహెబ్‌నగర్ దిగుతాయి. మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో పూర్తయ్యాయి. ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు, మొత్తం 27 కోట్లు.

సాగర్ నిండితే నీటి మట్టం సముద్రానికి 590 అడుగుల ఎత్తు. హైదరాబాద్ 1,700 అడుగులకు పైనే. అంటే ప్రతి బిందెనూ కనీసం 1,100 అడుగులు మోసుకు రావాలి. బడిలో చదివిన భౌతికశాస్త్రం చాలు, లెక్క కట్టొచ్చు: వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు లేపాలంటే దాదాపు ఒక యూనిట్ కరెంటు. పంపులు, గొట్టాలు మింగేది దీనికి అదనం. 2021 జనవరినుంచి నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. అంటే ఆ నీళ్లతోపాటు ఇరవై యూనిట్లకు పైగా కరెంటు కూడా నల్లాలోంచి జారిపడుతోందన్నమాట. మన బిల్లులో సున్నా ఉంటుంది, మీటరు మాత్రం నల్లగొండ జిల్లాలో ఎక్కడో గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఆ పుట్టంగండి ఎత్తిపోతలమీదే నల్లగొండ ఆయకట్టు కూడా ఆశపెట్టుకుంది. మనం తాగేది పొలం పక్కన కూర్చుని పంచుకున్న నీళ్లే.

వెనక్కి తిరిగి కొత్తపేట మీదుగా వచ్చాను. ఒకప్పుడు ఈ రోడ్డున పోతే కళ్లు మూసుకున్నా ఋతువు తెలిసేది. బత్తాయి వాసనొస్తే ఒక కాలం, మామిడి వాసనొస్తే ఇంకో కాలం. 1986లో మొదలైన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 22 ఎకరాల్లో ఉండేది. 2021లో దాన్ని విజయవాడ హైవేమీది బాటసింగారానికి తరలించారు, ఆ జాగాలో ఆసుపత్రి తలపెట్టారు. నగరంలో జాగా విలువ పెరిగే కొద్దీ తిండి తట్ట ఎత్తుకుని ఊరి బయటికి నడుస్తుంది. లారీకి దారి కలిసొచ్చిందేమో కానీ, నా బత్తాయి అక్కడినుంచి మళ్లీ డీజిలు తాగుతూ వెనక్కి రావాలి.

సరూర్‌నగర్ చెరువు కట్టమీద రెండు నిమిషాలు ఆగాను. కుతుబ్‌షాహీల కాలంనాటి చెరువు. కింద ఆయకట్టు ఉండేది, ఇప్పుడు ఆ ఆయకట్టంతా కాలనీలే. మడి ఉన్నప్పుడు అలుగు నీళ్లు వస్తే పండగ. మడి ఇల్లయ్యాక అవే నీళ్లు వస్తే వరద. 2020 అక్టోబరులో ఈ చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు అందరం వానను తిట్టుకున్నాం. నీళ్లు మాత్రం తమకు గుర్తున్న పాత దారినే నడిచాయి.

ఇక పోయే దారి. నాగోల్ వంతెన దగ్గర ముక్కు చెప్పేస్తుంది. ఇక్కడ రోజుకు 17.2 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది, పైన అంబర్‌పేటలో 33.9 కోట్ల లీటర్లది ఉంది. వీటి తర్వాత ఇంకొన్ని కట్టారు. అక్కడా గాలి ఊదే యంత్రాలకు కరెంటే కావాలి. ఎండాకాలంలో ఈ వంతెన కింద పారేది అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ కాదు. అదంతా మన వంటగదుల, స్నానాలగదుల నీళ్లే. దానికి ఫ్యాక్టరీల వ్యర్థమూ తోడు. కృష్ణలో ఎక్కి వచ్చింది మూసీలో దిగిపోతోంది.

బండ్లగూడ, కుంట్లూరు దాటి గౌరెల్లి వైపు వెళ్తే రంగు మారిపోతుంది. రోడ్డుకు ఒక పక్క వెంచర్ల హద్దురాళ్లు, ఇంకో పక్క కళ్లు చెదిరే పచ్చదనం. దగ్గరికెళ్తే వరి కాదు, గడ్డి. నడుంలోతు నీటిగడ్డి, బోలు కాడలు, ఒకదానిమీద ఒకటి పడి పెనవేసుకుని ఉంది. నలుగురు ఆడవాళ్లు వరసగా వంగి కోస్తున్నారు. మోచేతులదాకా పాత చొక్కాల చేతులు తొడుక్కున్నారు, కాళ్లకు మాత్రం ఏమీ లేదు. ఎడమచేత్తో పిడికెడు గడ్డి ఒడిసిపట్టడం, కొడవలి కిందికంటా పోనిచ్చి ఒక్క లాగు లాగడం, మొదళ్లు నీళ్లలో జాడించి పక్కన పెట్టడం. పది పిడికిళ్లు కాగానే గడ్డితోనే తాడు పేని మోపు కట్టేస్తున్నారు. ఆ మోపు ఎత్తితే నల్లటి నీళ్లు ధారగా కారాయి.

"వరి ఎందుకు వేయరక్కా?" అన్నాను.

"ఏస్తిమి సారూ. ఈ నీళ్లకు వరి మస్తు ఎత్తు వెరుగుతది, గింజ వట్టక ముందే ఒరుగుతది. గడ్డికి గా బాధ లేదు. కోసినకొద్ది వస్తది."

వ్యవసాయ శాస్త్రవేత్తలు మూసీ పొడవునా తిరిగి రాసిందీ ఇదే. మురుగులో నత్రజని ఎక్కువ. యూరియా బస్తా కొననక్కర్లేదు, కానీ ఎప్పుడు ఆపాలో చేతిలో ఉండదు. పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది. అందుకే నగరానికి దగ్గర్లో చాలామంది వరి వదిలి గడ్డికి మారారు. ఆ గడ్డి ఆటోలో నగరం అంచుల్లోని బర్రెల కొట్టాలకు పోతుంది, అక్కడినుంచి పాలై దిల్‌సుఖ్‌నగర్ టీకొట్టుకు వస్తుంది. మనం సింకులో పారబోసింది మన కప్పులోకే తిరిగొస్తుంది, మధ్యలో ఒక ఆడమనిషి చేతులు, ఒక బర్రె కడుపు దాటుకుని.

ఆ చేతులు చూపించమన్నాను. ఆమె చొక్కా చెయ్యి పైకి లాగింది. మణికట్టు చుట్టూ గోకి గోకి నల్లబడిన మచ్చలు. "రాత్రి దురద. కొబ్బరినూనె రాస్త" అంది, అదేదో చలికాలం పెదవులు పగిలినంత మామూలుగా. మూసీ నీళ్లతో సేద్యం చేసే కుటుంబాల్లో కడుపులో పురుగుల బెడద గురించి 2008లోనే పరిశోధన అచ్చయింది. మురుగు ఎంత చిక్కగా ఉంటే బెడద అంత ఎక్కువ. అదే నదిమీద ఒక మంచి సంగతి కూడా పరిశోధకులు గమనించారు. పాతకాలం కత్వల వెనక నీళ్లు నిలిచి, మడ్డి కిందికి దిగి, దిగువకు పోయేకొద్దీ క్రిములు బాగా తగ్గుతాయి. పొలానికి నీళ్లు మళ్లించడానికి కట్టిన రాతికట్ట, ఎవరూ చెప్పకుండానే, కరెంటు లేకుండానే, నీళ్లను కొంత తేరుస్తోంది.

గడ్డిమడికి ఎగువన ఒక పెద్దాయన వరి నాటు పెట్టించాడు. బోరు మోటారు నడుస్తోంది. "కాల్వ నీళ్లు ఉన్నయి గదా పెద్దయ్యా, బోరెందుకు?" అంటే నవ్వాడు. "కాల్వ నీళ్లల్ల బోరు నీళ్లు గలిపితేనే వరి జర ఆగుతది. కరెంటుకు పైసలెక్కడియి?" నిజమే. 2018 జనవరి 1నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. మోటారు తనంతట తాను మొదలయ్యే ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు అప్పట్లో బతిమాలారు. పైసా ఖర్చు లేని కరెంటుకు భూగర్భ జలమే ఖర్చవుతుందని వాళ్ల భయం. పొలం ఎవరిదని అడిగాను. కౌలు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పొలం కొన్నాయన ఎకరం ధర చూస్తాడు, కౌలుకు చేసేవాడు మోపు ధర చూస్తాడు. ప్లాట్లు పడేదాకానే ఈ పచ్చదనం.

ఒక్క పూటలో మూడు ఉచితాలు చూశాను: ఇంట్లో నీళ్లు, బోరుకు కరెంటు, మడికి ఎరువు. జలమండలికి, విద్యుత్ సంస్థకు, వ్యవసాయ శాఖకు వేర్వేరు లెక్కలున్నాయి. ఈ మూడూ కలిసే చోటి లెక్క మాత్రం ఆ మణికట్టుమీదే రాసి ఉంది.

బయల్దేరుతుంటే ఆమె అడిగింది, "మీకు ఏ నీళ్లొస్తయ్ సారూ?"

"కృష్ణ నీళ్లు."

"మాకు గూడ గవేనాయె. మీ తర్వాత."

మూసీ ఇక్కడినుంచి నల్లగొండ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అది సాగర్ ఆనకట్టకు దిగువన. కాబట్టి దిగిపోయిన నీళ్లు మళ్లీ మన పంపుల దగ్గరికి రావు. రేపు మనకు కావలసింది మళ్లీ మొదటినుంచి, 1,100 అడుగులు ఎక్కాల్సిందే.

సరూర్‌నగర్ రైతుబజార్లో కూరలు తీసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. మేడమీద ట్యాంకు నిండి పొర్లుతోంది, గోడ పొడవునా నీళ్లు. వాచ్‌మన్ భోజనానికి వెళ్లినట్టున్నాడు. పరుగెత్తి మోటారు ఆపాను. అప్పటికే ఆ పాయ మెట్లు దిగి, సందు దాటి, మ్యాన్‌హోలు అంచు చేరింది. గౌరెల్లిలో ఎవరి మడికో ఒక తడి బయల్దేరింది.